అత్తమ్మ ఒక్కపొద్దు, నా సైకిలు

మా అత్తగారి ఊళ్ళో నలభై దాటిన మగవాడు సైకిలెక్కాడంటే దానికి రెండే అర్థాలు. బండి చెడిపోయి ఉండాలి, లేదా బతుకు చెడిపోయి ఉండాలి. వ్యాయామం అని మూడో అర్థం ఒకటుందని ఆ ఊరికి చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. వింటారు, తలూపుతారు, "అవ్, మంచిదే" అంటారు. నేను నాలుగడుగులు ముందుకు పోగానే మా బామ్మర్దిని పట్టుకొని, "మీ బావ కారు అమ్ముకున్నడా ఏంది?" అని అడుగుతారు. కారు వాళ్ళ కళ్ళముందే, ఇంటి ముందు వేపచెట్టు కింద ఆగి ఉంటుంది. అయినా అడుగుతారు. అది కిరాయి కారని కూడా ఒకాయన తేల్చేశాడు.

ఊరు జూలూరుపాడుకు దగ్గర. పత్తిచేలు, మిర్చి చేలు అయిపోయిన చోట అడవి మొదలవుతుంది. ఆ అడవిలోంచి తారురోడ్డు ఒక గుట్టనెక్కి, అవతలికి దిగి ఇల్లందు వైపు పోతుంది. గుట్ట నెత్తిన అమ్మవారి గద్దె ఉంది. లారీ అయినా, బస్సయినా, ఆటో అయినా అక్కడ ఆగి దండం పెట్టుకొని పోవలసిందే. హైదరాబాదులో ఫ్లయోవర్లు ఎక్కీ ఎక్కీ విసుగెత్తిన నాకు ఆ గుట్టంటే మోజు. అడుగు నుంచి గద్దె దాకా కాలు కింద పెట్టకుండా తొక్కాలని సైకిలు కొన్నప్పటి నుంచి నా కోరిక. ఇంతవరకు ఆ ఊరివాళ్ళు నన్ను ఎక్కనిస్తే కదా!

నేను సరదాకు తొక్కేవాణ్ణి కాదు. రెండేళ్ళ కిందట నాకు షుగరని తేలింది. డాక్టరు గోలీలు రాసి, "బరువు తగ్గండి, లేకపోతే వచ్చే ఏడు సూదులు రాస్తాను" అన్నాడు. భయపడి సైకిలు కొన్నాను. పొట్ట పోయింది, బుగ్గలు పోయాయి, గోలీల్లో సగం పోయాయి. నా జీవితంలో నేను పట్టుబట్టి సాధించిన పని ఏదన్నా ఉందంటే అదొక్కటే. ఆ సంగతి లోకమంతా చెప్పుకోవచ్చుగానీ అత్తగారింట్లో మాత్రం చెప్పకూడదు.

ఎందుకంటే మా మామగారు పోయింది షుగరుతోనే. కాలికి ముల్లు గుచ్చుకుంది. ముల్లే కదా అని ఊరుకున్నాడు. ఖమ్మం దవాఖానా, ఆ తర్వాత హైదరాబాదు దవాఖానా, పాదం తీసేశారు, తర్వాత మోకాలి దాకా తీసేశారు, తర్వాత మనిషే పోయాడు. అన్ని రోజులూ మంచం పక్కన కూర్చున్నది మా అత్తమ్మ. అప్పటినుంచి ఆ ఇంట్లో షుగరన్న మాట ఎవరి నోటా రాదు. నాకు వచ్చిందని తెలిసిన రోజున నా భార్య నా చేత ఒట్టు వేయించుకుంది. "అమ్మకు తెలిస్తే అదే రోజు మంచం పడతది. మీ కాళ్ళనే చూసుకుంట కూసుంటది. చెప్పొద్దు" అంది. సరే అన్నాను. అప్పుడు చెప్పకపోవడం తేలిక, తర్వాత చెప్పడం కష్టం అని నాకేం తెలుసు?

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. అత్తమ్మ నాతో మాట్లాడదు. కోపం కాదు, పద్ధతి. అల్లుడి ముందు నిలబడి ముఖాముఖి మాట్లాడటం ఆ ఇంటి ఆడవాళ్ళకు అలవాటు లేదు. పెళ్ళయి ఇరవయ్యేళ్ళు దాటింది. ఇప్పటికీ కొంగు నిండా కప్పుకొని, వంటింటి తలుపు పక్కన నిలబడి, "అల్లున్ని ఇంకింత అన్నం పెట్టుకొమ్మను" అని కూతురితో అంటుంది. కూతురు పక్కన లేకపోతే కోడలితో అంటుంది. ఎవరూ లేకపోతే గోడతో అంటుంది. నేను కూడా గోడకే జవాబు చెబుతాను. చదువుకున్నవాణ్ణి, ఆఫీసులో పదిమంది చేత పని చేయించేవాణ్ణి, ఆ ఇంట్లో అడుగుపెడితే గోడతో మాట్లాడాల్సిందే.

మొన్న పెత్రమాసకు, అంటే పెద్దలకు బియ్యమిచ్చే అమావాస్యకు పోయాం. మామగారి పేరు మీద అయ్యగారికి బియ్యం ఇవ్వాలి, బతుకమ్మ మొదలయ్యే రోజు కూడా అదే కాబట్టి నా భార్య ఎలాగూ ఆగదు. సైకిలు కారు వెనక కట్టుకొని మంగళవారం పొద్దున దిగాం; చిక్కాక నేను ఆ ఊరికి పోవడం అదే మొదలు. అత్తమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకొని గుమ్మంలోకి వచ్చింది. నన్ను చూసింది. చెంబు చేతిలోనే ఉండిపోయింది. తర్వాత నీళ్ళు గడప మీద పెట్టేసి లోపలికి పోయింది. లోపల్నుంచి వినపడింది: "ఏందే బిడ్డా, అల్లుడు గిట్లయిండు? నువ్వు అన్నం పెడ్తలేవా?"

నా భార్య ఏదో సర్దిచెప్పింది. మధ్యాహ్నం భోజనాలప్పుడు అత్తమ్మ తినలేదు. "కడుపు మంచిగ లేదు" అని కోడలితో అంది. చాయ కూడా తాగలేదు. చాయ లేకుండా ఆమెను నేనెప్పుడూ చూడలేదు. మనిషి కూడా బాగా తగ్గిపోయింది, జాకెట్టు చేతులు వదులై వేలాడుతున్నాయి. నాకు ఎందుకో అనుమానం తగిలిందిగానీ, ప్రయాణం బడలికలో పడుకున్నాను.

నిద్రలేచేసరికి సైకిలు లేదు. ఇంటి చుట్టూ తిరిగాను. అడిగితే బామ్మర్ది పట్టుకుపోయాడన్నారు. మా బామ్మర్ది ఇల్లందులో బొగ్గుగని ఆఫీసులో పని చేస్తాడు. మంచివాడు. అంత మంచివాళ్ళతోనే వస్తుంది తంటా. చీకటి పడకముందే సైకిలు నడిపించుకుంటూ వచ్చి నా ముందు నిలబెట్టాడు. నిజంగానే నిలబెట్టాడు, దానికి స్టాండు ఉంది! వెనక క్యారేజీ ఉంది! హ్యాండిలుకు ఒక గంట కూడా ఉంది!

"చూడు బావా, గిప్పుడు సైకిల్ లెక్క ఉంది. గింత మంచి సైకిలుకు స్టాండు లేకుండ అమ్మిండ్రు నీకు, మోసపోయినవ్" అన్నాడు.

ఆ సైకిలుకు స్టాండు ఉండదు. బరువు పెరగకూడదని క్యారేజీ ఉండదు. బరువు తగ్గించడానికే అంత ఖరీదు పెట్టి కొంటారు. బిగించడంలో సీటు కింద రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ వాడు చెమటలు కక్కుతూ, మొహం వెలిగిపోతూ నిలబడ్డాడు. "మంచిగుంది" అన్నాను. ఇంకేమంటాను!

బుధవారం తెల్లారగానే బయల్దేరాను. హెల్మెట్టు పెట్టుకొని, బిగుతు నిక్కరు వేసుకొని వాకిట్లోకి రాగానే వెనకాల మోటారుసైకిలు స్టార్టయింది. బామ్మర్ది. ఎక్కడికి అన్నాను. "నీ తోడు" అన్నాడు. "అడివి దారి. ఒక్కన్ని పంపితే అమ్మ నన్ను చంపుతది." ఎంత చెప్పినా వినలేదు. నా వెనక పది గజాల్లో, ఫస్టు గేరులో, పొగ వదులుతూ, ఫోనులో ఎవరికో మా ప్రయాణం వర్ణిస్తూ వచ్చాడు. ప్రశాంతంగా తొక్కుదామని హైదరాబాదు నుంచి ఇంత దూరం తెచ్చుకున్న సైకిలు!

ఊరి బయట రోడ్డు సగం మొక్కజొన్నలు ఎండబోశారు. అంచుకు రాళ్ళు పెట్టారు. నా సైకిలు టైర్లు చూపుడువేలంత ఉంటాయి, గింజల మీదికి ఎక్కితే అంతే సంగతులు. మిగిలిన సగంలోంచి బస్సు ఎదురొచ్చింది. దిగి నిలబడ్డాను. కాలు కింద పెట్టినందుకు తిట్టుకుంటుంటే, మొక్కజొన్నలు కాలితో తిరగేస్తున్న పెద్దమనిషి దగ్గరికొచ్చాడు.

"పంచరయిందా?"

"లేదు."

"చెయిన్ ఊడిందా?"

"లేదు పెదనాన్నా. ఊరికే తొక్కుతున్నాను, ఆరోగ్యం కోసం."

ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. "ఆరోగ్యం మంచిగ లేదా?" అన్నాడు. బామ్మర్ది వెనక నుంచి, "మంచిగనే ఉంది తాతా, గదొక పిచ్చి" అని నా పరువు నిలబెట్టాడు.

అలా గుట్ట దాకా పోయేలోపు ఎంతమంది ఆపారో చెబితే మీకూ విసుగు పుడుతుంది. చాయ తాగి పొమ్మన్నవాళ్ళు, బండి ఎక్కమన్నవాళ్ళు, మామగారి పేరు చెప్పి కళ్ళు తుడుచుకున్నవాళ్ళు. అడవిలో ఆకుమోపులు నెత్తిన పెట్టుకొని దిగుతున్న ఆడవాళ్ళు నన్ను చూసి వాళ్ళ భాషలో ఏదో అనుకొని విరగబడి నవ్వారు. నాకా భాష రాదు, కానీ నా నిక్కరు గురించేనని మాత్రం తెలిసింది. చివరికి గుట్ట మొదట్లో చెట్టు పక్కకు పోయి వచ్చేసరికి నా సైకిలు ఒక ట్రాలీ ఆటోలో, సిమెంటు బస్తాల మీద పడుకొని ఉంది. డ్రైవరు బామ్మర్దికి దోస్తు. "పైదాక దించుతం అన్నా, కష్టమెందుకు?" అన్నాడు. వీళ్ళతో ఎలా వేగేది? సైకిలు దింపించుకొని, గుట్ట ఎక్కకుండానే వెనక్కి తిరిగాను.

ఇంటికొచ్చి స్నానం చేసి, పెరట్లో తంగేడు పూలు విడదీస్తున్న నా భార్య దగ్గర కూర్చొని కోపమంతా కక్కాను. మీ ఊరు ఇలాంటిది, మీ తమ్ముడు అలాంటివాడు అని ఏకరువు పెట్టాను. ఆమె పూలు పక్కన పెట్టింది. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి ఆగిపోయాను.

"అమ్మ ఒక్కపొద్దులుంటుంది" అంది. "ఎండాకాలం నుంచి. మంగళవారం, శుక్రవారం. పొద్దు గూకేదాక మంచినీళ్ళు కూడా ముట్టదంట. మరదలు ఇప్పుడే చెప్పింది. మొన్న బట్టలు పిండుకుంట కళ్ళు తిరిగి పడ్డదంట."

"ఎందుకు?"

"మీ కోసమే. ఎవరి పెండ్లిలోనో దిగిన మన ఫోటో ఫోన్ల చూసిందంట. అల్లుడు ఎండిపోయిండు, ఏదో గట్టి రోగం ఉంది, నాతోని దాస్తున్నరు అనుకుంది. అల్లుడు మునుపటి లెక్క అయ్యేదాక ఒక్కపొద్దు విడువ అని గుట్ట మీది అమ్మకు మొక్కింది. అయినంక కింది నుంచి గద్దె దాక నడిచొస్త అన్నదంట."

ముందు పాపం అనిపించింది, వెంటనే పట్టరాని చిరాకు వచ్చింది. మునుపటిలా అంటే పొట్టతో, బుగ్గలతో, పూర్తి గోలీలతో అన్నమాట. నేను రెండేళ్ళు చెమటోడ్చి పోగొట్టుకున్నదాన్ని నాకు తిరిగిప్పించమని ఆ ముసలామె తిండి మానేసి దేవతను అడుగుతోంది!

"చెప్పేద్దాం. ఇప్పుడే చెప్పేద్దాం, పద" అన్నాను.

"ఏమని? నాన్నకు వచ్చిందే మీకూ వచ్చిందనా? ఒక్కపొద్దు విడుస్తదా అప్పుడు? వారమంతా ఉంటది!" అంది. అదీ నిజమే. "ఒక పని చెయ్యండి. ఈ నాలుగు రోజులు సైకిలు ఆపి, ఆమె చూస్తుంటే మంచిగ తినండి. కొంచెం కండ పట్టిండు అనుకుంటే చాలు, విడిచిపెడతది."

అమావాస్య గురువారం. అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇచ్చారు. గారెలు, పులిహోర, బెల్లం పాయసం. మామగారి ఫోటోకు దండ. నేను విస్తరి ముందు కూర్చున్నాను. తలుపు పక్కన కొంగు కనపడుతోంది. గారె తీసుకుంటే కొంగు కదలదు, వద్దంటే కదులుతుంది. "అల్లున్ని పాయసం ఇంకింత పోసుకొమ్మను." పోసుకున్నాను. "అల్లుడికి మొహమాటమా?" ఇంకా పోసుకున్నాను. ఆమె తినాలని నేను తింటున్నాను, నేను తినాలని ఆమె మానేస్తోంది. ఇంతకన్నా తెలివితక్కువ ఒప్పందం ప్రపంచంలో ఎక్కడైనా ఉంటుందా? సాయంత్రం బాత్రూములో దాక్కొని వేలు పొడిచి మిషను మీద రక్తం చుక్క పెట్టాను. రెండేళ్ళలో ఎప్పుడూ చూడనంత పెద్ద అంకె. మిషను తువ్వాల్లో చుట్టుకొని దొంగలా బయటికి వచ్చాను.

నా తిండి చూసి ఒక్కపొద్దు విడుస్తుందనుకున్నామా, అదేం జరగలేదు. మరుసటి రోజు శుక్రవారం. పొద్దున్నే తలస్నానం చేసి, జుట్టు ముడేసుకొని, కొబ్బరికాయ సంచీ పట్టుకొని అత్తమ్మ వాకిట్లోకి వచ్చింది. "అల్లుడు నిన్న మంచిగ తిన్నడు. అమ్మ ఇంటుంది. ఇయ్యాల గుట్ట నడిచెక్కి, అల్లుడి పేరు మీద కాయ కొట్టిస్త. అల్లున్ని కూడ రమ్మను" అని కూతురితో అంది. కడుపులో మంచినీళ్ళు కూడా లేవు. ఆపాలని అందరం చూశాం. వినలేదు. ఇక చేసేదేముంది? బామ్మర్ది బండి మీద ఆమెను గుట్ట కింది దాకా తీసుకుపోవడం, నేను సైకిలు మీద రావడం అని తేలింది. నా భార్య పూలకని ఆగిపోయింది. బయల్దేరేటప్పుడు రోజూలాగే నా జేబులో ఒక చిన్న పొట్లం పెట్టింది.

ఆ పొట్లం సంగతి చెప్పాలి. గోలీలు వేసుకునేవాళ్ళు ఎక్కువ దూరం తొక్కితే ఒక్కోసారి షుగరు ఉన్నట్టుండి పడిపోతుంది. కాళ్ళూచేతులూ వణుకుతాయి. అప్పుడు నోట్లో వేసుకోవడానికి చక్కెర. పాత పేపరు ముక్కలో చక్కెర పోసి, మూడు మూలలుగా మడిచి, చివర లోపలికి దోపుతుంది. రెండేళ్ళుగా పెడుతోంది. ఆ మడత ఎక్కడ నేర్చుకున్నావని నేను ఎప్పుడూ అడగలేదు.

గుట్ట కింద బండి దిగి అత్తమ్మ చెప్పులు విడిచింది. సంచీని నా సైకిలు క్యారేజీ మీద పెట్టించింది. బామ్మర్ది నా వైపు గర్వంగా చూశాడు. ఆమె ముందు నడుస్తోంది, నేను సైకిలు తోసుకుంటూ వెనక, బామ్మర్ది బండితో ఆ వెనక. నా మోజంతా ఇదీ! కాలు కింద పెట్టకుండా ఎక్కాలనుకున్న గుట్టను కాలినడకన, సైకిలును గాడిదలా తోలుకుంటూ ఎక్కుతున్నాను. ఎండ ముదురుతోంది. రెండో మలుపు దగ్గర ఆమె నడక తడబడింది. కల్వర్టు గోడ పట్టుకొని కూలబడింది. పెదాలు తెల్లబారాయి.

బామ్మర్దికి గాభరా పుట్టింది. బండి ఎక్కిద్దామంటే కళ్ళు తిరుగుతున్న మనిషి పడిపోతుందేమోనని భయం. ఫోను తీస్తే సిగ్నల్ లేదు. "నువ్వు అమ్మ కాడ ఉండు బావా, నేను జల్దీ పోయి ఆటో పట్టుకొస్త" అని దిగువకు దూసుకుపోయాడు.

అంతే. అడవిలో నేనూ అత్తమ్మా మిగిలాం. కూతురు లేదు, కోడలు లేదు, గోడ కూడా లేదు. ఆ స్థితిలో కూడా ఆమె కొంగు సర్దుకుంది. కొంచెంసేపు చూసి, స్టాండు వేసి ఉన్న నా సైకిలుతో అంది: "అల్లున్ని పైకి పోయి కాయ కొట్టమను. ఆలస్యమైతుంది."

"కాయ తర్వాత. ముందు ఏదన్నా నోట్లో వేసుకోమను" అని నేను కూడా సైకిలుకే చెప్పాను. నీళ్ళ సీసా తీసి ఇచ్చాను. తల అడ్డంగా ఊపింది. ఆమె చేతులు వణుకుతున్నాయి. వణుకు చూడగానే నా చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. పొట్లం తీసి ఆమె అరచేతిలో పెట్టాను.

"చక్కెర. ఇది వేసుకుంటే నిలబడతారు."

ఆమె విప్పలేదు. పొట్లాన్ని చూస్తూ ఉండిపోయింది. మూడు మూలలు. చివర లోపలికి దోపిన మడత. బొటనవేలితో ఆ మడతను మెల్లగా తడిమింది. అప్పుడు నాకు తట్టింది, నా భార్య ఆ మడత ఎక్కడ నేర్చుకుందో.

అత్తమ్మ తల ఎత్తింది. కొంగు జారిపోయింది, సర్దుకోలేదు. ఇరవయ్యేళ్ళలో మొదటిసారి సూటిగా నా మొహంలోకి చూసింది.

"గిది ఆయన అంగీ జేబుల పెట్టేదాన్ని" అంది. "ఎప్పటి సంది బిడ్డా?"

అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు. "రెండేళ్ళు" అన్నాను. ఇక ఆగలేదు, అంతా చెప్పేశాను. డాక్టరు మాట, సైకిలు, పోయిన పొట్ట, సగమైన గోలీలు. చిక్కిపోయింది రోగంతో కాదు, రోగాన్ని కిందికి దించడానికని చెప్పాను. చెప్పులు విప్పి కాళ్ళు కూడా చూపించాను. చిన్న గీత కూడా లేదు. ఆమె వంగి నా పాదాలను చాలాసేపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను.

ఏడవలేదు. తిట్టింది!

"గీ ముచ్చట చెప్పనీకి నోరు రాలేదా మీ ఇద్దరికి? నేనేం అడుగుతున్ననో తెలుసా అమ్మను? లావు చెయ్యి తల్లీ, లావు చెయ్యి తల్లీ అని అడుగుతున్న! తిండి మానుకోని అడుగుతున్న! నిన్న పాయసం మీద పాయసం పోయిస్తిని గదనయ్యా! అమ్మ ఇనుంటే? ఇచ్చుంటే? నా చేతులతోని నేనే..." పొట్లాన్ని గుప్పిట్లో బిగించింది. "ఆయన్ని నడువుమంటే నడువకపోయె. చేను కాడికి కూడ బండి మీదనే పోయె. ఒక్కనాడు నా మాట ఇనకపోయె" అంది.

తర్వాత చెయ్యెత్తి రోడ్డు చూపించింది.

"ఎక్కు. తొక్కు. నేను చూస్త."

"మిమ్మల్ని ఇక్కడ ఒక్కరినే వదిలి..."

"ఆటో వస్తది. తొక్కుమంటున్న గదా!"

తొక్కాను. స్టాండు, క్యారేజీ, కొబ్బరికాయ, గంట అన్నిటితో కలిపి తొక్కాను. మలుపు తిరిగే దాకా వెనక నుంచి "తొక్కు, తొక్కు" అని ఆమె కేక వినపడుతూనే ఉంది. ఊపిరి అందలేదు, తొడలు మండిపోయాయి, ఎదురొచ్చిన లారీ డ్రైవరు ఏదో అడగబోయాడు, ఆగలేదు. గద్దె దగ్గర కాలు దించాను. సగం గుట్ట నుంచి మొదలుపెట్టాను కాబట్టి అది లెక్కలోకి రాదు. ఆ గుట్టను నేను ఇంతవరకు పూర్తిగా ఎక్కనే లేదు.

కాసేపటికి ఆటో వచ్చింది. అత్తమ్మ దిగి గద్దె ముందు నిలబడి, పక్కన మనుషులున్నారన్న ధ్యాస కూడా లేకుండా గట్టిగా అంది: "తల్లీ, నేను అడిగింది ఇయ్యకు. తప్పడిగిన. గా మొక్కు వాపస్ తీసుకుంటున్న. అల్లున్ని గిట్లనే ఉంచు." కాయ నా చేత కొట్టించింది. కొబ్బరి ముక్క, ఆ పొట్లంలో చక్కెర కలిపి నోట్లో వేసుకుంది. ఒక్కపొద్దు తీరింది. బామ్మర్ది మాత్రం అమ్మ నాతో మాట్లాడటం చూసి నోరు తెరిచి నిలబడ్డాడు.

కథ అంతటితో అయిపోతే బాగుండేది. ఆటో ఎక్కబోతూ ఆమె నా వైపు తిరిగింది. "అమ్మకు కొత్త మొక్కు మొక్కిన. నువ్వు తొక్కినన్ని దినాలు నేను మంచిగ తింట. నువ్వు ఏ దినం తొక్కవో ఆ దినం నాకు ఒక్కపొద్దు" అంది.

అన్నంత పనీ చేస్తోంది. ఇరవయ్యేళ్ళు నాతో ఒక్క మాట మాట్లాడని మనిషి ఇప్పుడు రోజూ తెల్లవారగానే నాకే ఫోను చేస్తుంది. హలో లేదు, బాగున్నావా లేదు. "తొక్కినవా?" అంతే. ఆఫీసులో పనుందంటే వినదు. నడుము నొప్పంటే, "మెల్లగ తొక్కు" అంటుంది. ఒకరోజు ఒళ్ళు బద్ధకించి, తొక్కానని అబద్ధం చెప్పాను. "మరి ఎగపోస్తలేవేంది?" అని, నా గొంతులో ఆయాసం లేదని పట్టేసింది. ఇంకోరోజు నిజంగానే వాన పడుతుంటే ముసుగు తన్ని పడుకున్నాను. సాయంత్రం బామ్మర్ది భార్య ఫోను చేసింది. "అన్నా, అత్తమ్మ పొద్దటి సంది ఏం ముట్టలే. నువ్వు తొక్కలేదంట గదా" అంది.

ఈ పొద్దున కూడా వానే. కిటికీలోంచి రోడ్డు మీది నీళ్ళు చూసి ఆ ఊరినీ, ఆ గుట్టనూ, ఆ మొక్కునూ తిట్టుకున్నాను. ఫోను మోగకముందే రెయిన్‌కోటు తొడుక్కొని, స్టాండు తీసి, సైకిలు బయటికి దించాను. ఏం చేస్తాను, అక్కడ ఆమె అన్నం తినాలి కదా.